సెట్టు, సెట్ చేయడం, సెట్ అవ్వడం: ఉత్తరాంధ్రలో ఒక ఇంగ్లీషు మాట కాపురం

విజయనగరంలో ఏ బైకు మెకానిక్ షెడ్డు దగ్గర కాసేపు నిలబడినా ఇలాంటి మాట ఒకటి చెవిన పడుతుంది: "చైను బిగిస్తే ఇంక సెట్ అవ్వదు బావూ, చైన్‌సెట్టే మార్చాల." ఒకే వాక్యంలో సెట్ రెండుసార్లు వచ్చింది, రెండుచోట్లా అర్థం వేరు. మొదటిది కుదరకపోవడం. రెండోది మూడు సామాన్లు కలిపి అమ్మే ఒక డబ్బా: చైను, ఇంజిన్ దగ్గరి చిన్న పళ్లచక్రం, వెనకచక్రానికి ఉండే పెద్ద పళ్లచక్రం. మూడూ కలిపే ఎందుకు మార్చాలంటే, చైను సాగేకొద్దీ దాని లింకులు పళ్ల మీద సరిగ్గా కూర్చోవు, పక్కకి ఒరుసుకుంటాయి. పళ్లు అరిగి వంకర తిరుగుతాయి. ఆ పాత పళ్ల మీద కొత్త చైను వేస్తే అదీ నాలుగు రోజుల్లో సాగిపోతుంది. కాబట్టి విడిగా చైను కొని డబ్బు మిగిలిందనుకోవడం వృథా. మెకానిక్ చెప్పేది అదే, రెండు సెట్‌లతో.

వినేవాడికి ఇందులో తికమక ఏమీ లేదు. ఏ సెట్ ఏదో ఎవరూ అడగరు. అడగనక్కర లేకుండా తెలుగు ఏం ఏర్పాటు చేసుకుందన్నదే ఇక్కడి విషయం.

ఇంగ్లీషులో ఈ చిన్న మాట మోసే బరువు మామూలుది కాదు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో అన్నిటికన్నా పొడుగైన వివరణ దీనిదే. క్రియగా దీనికి 430 దాకా అర్థాలు, వాటిని చెప్పడానికి దాదాపు 60 వేల మాటలు. తరవాతి సవరణల్లో రన్ అనే మాట దీన్ని దాటేసిందంటారు కానీ, ఒకప్పుడు మొదటి స్థానంలో నిలవడం కూడా తక్కువేం కాదు.

అయితే ఈ సెట్ నిజానికి ఒక మాట కాదు. రెండు మాటలు కలిసిపోయి ఒకటిగా వినపడుతున్నాయి. క్రియ పాత ఇంగ్లీషుది. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం, అంతే. సీట్, సెటిల్, గుర్రపు జీనుకు వాడే శాడిల్, అన్నీ ఆ ఇంటివే. ఇంకా వెనక్కి వెళితే సంస్కృతంలో కూర్చోవడాన్ని చెప్పే సద్ ధాతువు కూడా ఈ వంశమే. సదస్సు, సదనం, ఉపనిషత్తు దాన్నుంచి పుట్టినవే. మెకానిక్ నోట్లోని సెట్‌కీ ఉపనిషత్తుకీ చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఉంది. ఇక గుంపు, జట్టు, కలిసి ఉండే వస్తువులు అనే అర్థంలోని నామవాచకం వేరే దారిన వచ్చింది. లాటిన్‌లో ఒకరి వెంట నడిచే అనుచరవర్గాన్ని చెప్పే మాట పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగింది. మతశాఖను చెప్పే సెక్ట్ దీనికి తోబుట్టువు. పలుకుబడి దగ్గర కావడంతో రెండూ ఒకదాని నీడ ఒకదాని మీద పడి, చివరికి వేరు చేయడం కష్టమైపోయింది.

ఇంగ్లీషు కలిపేసిన ఈ రెండింటినీ తెలుగు తనకు తెలియకుండానే మళ్లీ విడదీసింది. వస్తువుల గుంపు అయితే చివర ఉకారం చేరుతుంది: సెట్టు. బస్సు, కప్పు, నట్టు అయినట్టే ఇదీ. పని అయితే పక్కన తెలుగు క్రియ నిలబడుతుంది: సెట్ చేయి, సెట్ అవు. పట్నాల్లో రాసేటప్పుడు ఈ తేడా చెరిగిపోతోంది, సోఫాసెట్ అనే రాస్తున్నారు. నోట్లో మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

ముందు సెట్టు సంగతి. పల్లెల్లో ఈ మాటకు పెద్దదిక్కు మైకుసెట్టు. యాంప్లిఫయరు, చెట్టుకో కర్రకో కట్టే గొట్టాలు, మైకు, వాటి మధ్య చుట్టలు చుట్టలుగా వైరు: ఇన్నీ కలిపి ఒక సెట్టు, అద్దె కూడా సెట్టుకే. పెళ్లికి, గ్రామదేవత సంబరానికి, ఎన్నికల ప్రచారానికి మైకుసెట్టు మాట్లాడటం అంటే పని సగం అయిపోయినట్టే. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తరవాత వచ్చే మంగళవారం జరుగుతుంది, ముందురోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ విజయనగరంలో ఖాళీగా ఉన్న సెట్టు దొరకడం కష్టమే. ఇప్పుడు దాని చోట డీజే వచ్చి కూర్చుంది, కానీ వయసు మళ్లినవాళ్లు డీజేని కూడా సెట్టనే అంటారు.

ఉత్తరాంధ్ర యాసలో దీనికి ఒక చిక్కుంది. ఇక్కడి పల్లెల్లో చాలామంది నోట చకారం సకారమవుతుంది. చెప్పు సెప్పవుతుంది, చూడు సూడవుతుంది, చెట్టు సెట్టవుతుంది. "సెట్టు తీసికెల్లి ఆ సింతసెట్టు కింద పెట్టండ్రా" అని సంబరంలో పెద్దాయన అరిస్తే మొదటి సెట్టు మైకుది, రెండో సెట్టు చింతది. కుర్రాళ్లు తప్పు వినరు. మోయగలిగింది ఒకటే కదా. బయటి జిల్లా నుంచి కొత్తగా వచ్చిన ఉద్యోగులకే మొదటి నెల టెన్షన్.

పొలానికి వస్తే పంపుసెట్టు. పంపు, దాన్ని తిప్పే మోటారు కలిపి ఒకటి. విడిగా పంపు అన్నా చేతిపంపు అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి సెట్టు అనే తోక నిలబడిపోయింది. 2004లో రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక ఇది ప్రభుత్వ కాగితాల్లోనూ, రచ్చబండ మాటల్లోనూ రోజూ నలిగే మాట అయింది. తుపాన్ల జిల్లాలు కావడంతో ఇంకొకటి కూడా అందరికీ తెలుసు, జనరేటర్ సెట్టు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. ఊళ్లో ట్యాంకులోకి నీళ్లు ఎక్కాలన్నా, సెల్‌ఫోన్ చార్జింగ్ అవ్వాలన్నా ఎక్కడినుంచో జనరేటర్ రావలసిందే.

రేడియోసెట్టు, టీవీసెట్టు, పోలీసుల వైర్‌లెస్ సెట్టు అన్నప్పుడు మాత్రం గుంపు ఏమీ కనపడదు, ఒకే పెట్టె. లోపల ఉండే భాగాలన్నీ కలిపి అన్న భావం తొలిరోజుల్లో ఉండేది, అది పోయి పేరు మిగిలింది. సెట్‌టాప్ బాక్సుది అంతకన్నా వింత. టీవీసెట్టు నెత్తిన పెట్టుకునే పెట్టె కాబట్టి ఆ పేరు. ఇప్పుడు టీవీ గోడకు అంటుకుపోయింది, నెత్తే లేదు. పెట్టె కింద అరలో ఉంటుంది, పేరు మాత్రం పైనే.

ఇంకా ఇళ్లలో సోఫాసెట్టు, నెక్లెస్‌సెట్టు, ముసలివాళ్ల పళ్లసెట్టు ఉన్నాయి. తెలుగులో ఇలాంటి లెక్కకు మాటలు లేక కాదు. రెండైతే జత, జోడు. నాలుగైతే పుంజీ. కానీ ఇవన్నీ ఒకే రకం వస్తువుల లెక్కలు. నెక్లెసూ కమ్మలూ ఒక రకం కావు, లెక్కా ఇంత అని ఉండదు, అయినా ఒకదానికోసం ఒకటి చేసినవి. అలాంటి కలయికకు వాడుకలో గట్టి మాట ఖాళీగా లేదు. సరంజామా ఉంది గానీ అందులో చిందరవందర వాసన ఉంది. ఆ ఖాళీలోకే సెట్టు వచ్చి కూర్చుంది.

క్రియ కథ వేరు. అక్కడ ఖాళీ లేదు, కుదురు అనే మంచి మాట అప్పటికే ఉంది. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టను కుదురంటారు. బేరం కుదురుతుంది, సంబంధం కుదురుతుంది, మనసు కుదుటపడుతుంది, పిల్లాణ్ణి కుదురుగా కూర్చోమంటాం. మరి "సంబంధం సెట్ అయింది" ఎందుకొచ్చింది? వచ్చి కుదరడాన్ని తరిమేసిందా? తరమలేదు. ఇద్దరూ వాటాలు వేసుకున్నారు.

"ఆదివారం నాకు కుదరదు" అంటే రాలేను, తీరిక లేదు. అక్కడ "సెట్ అవ్వదు" అనేవాళ్లు తక్కువ. "ఆ రంగు నీకు సెట్ అవ్వలేదు" అంటే నప్పలేదు. అక్కడ "కుదరలేదు" అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. "కుదరదు" అని కరాఖండీగా చెబితే అది నిరాకరణ, గుమస్తా నోట వింటే కోపం వస్తుంది. "సెట్ అవ్వదు" అన్నదాంట్లో నిరాకరణ లేదు, తప్పు ఎవరిదీ కాదు, రెండూ ఒకదానికొకటి సరిపడలేదంతే. అందుకే ఈ తరం పిల్లలు పెళ్లిచూపుల తరవాత ఆ మాటే వాడతారు. "మాకు సెట్ అవ్వదు నాన్నా" అంటే అవతలి మనిషిని తక్కువ చేసినట్టు కాదు. నచ్చలేదనడంలోని పదును ఇందులో లేదు. ఈ మాట ఇంత త్వరగా ఇళ్లలోకి పాకడానికి ఫ్యాషన్‌కన్నా ఈ మర్యాదే పెద్ద కారణమనిపిస్తుంది.

సెట్ చేయడంలో మాత్రం అంత మర్యాద లేదు. క్లచ్ సెట్ చేయడం, అలారం సెట్ చేయడం దాకా బాగానే ఉంటుంది. "ఆఫీసులో మనిషిని సెట్ చేశాం" అంటే డబ్బు చేతులు మారబోతోందని అందరికీ అర్థమవుతుంది. సెటప్ ఇంకో మెట్టు దిగింది. ఇంగ్లీషులో ఏర్పాటు అనే అర్థంలో నిక్షేపంగా ఉన్న మాట, మన దగ్గర "ఆయనకి ఆ ఊళ్లో ఒక సెటప్ ఉంది" అంటే కాపురంలో గొడవలే.

ఇంగ్లీషు సెట్‌కి లేని ఒక స్పష్టత తెలుగులో దీనికి వచ్చింది. ఇంగ్లీషులో తానుగా అయినా, ఒకరు చేసినా రూపం ఒకటే. కాలం మారినా మారదు, నిన్నటి సెట్టూ నేటి సెట్టూ ఒకటే. తెలుగులో అరువు మాటకు నేరుగా ప్రత్యయం తగలదు. సెట్టాడు, సెట్టింది అనం. చేయు అన్నా ఉండాలి, అవు అన్నా ఉండాలి. దాంతో ఎవరు చేశారు, దానంతట అదే అయిందా అన్నది ప్రతిసారీ తేలిపోతుంది. "గేరు సెట్ అయింది", "గేరు సెట్ చేశాను" అన్నవాటిలో మెకానిక్ కూలి అడిగేది రెండోదానికే.

చేయు, అవు మాత్రమే కాదు, పక్కన వేరే క్రియ వస్తే మాట ఇంకో ఇంటికి వెళ్లిపోతుంది. సినిమావాళ్లు సెట్ వేస్తారు. పందిరి వేసినట్టే. వినాయకచవితికి, దసరాకి వీధుల్లో ఫలానా గుడి సెట్టింగ్ వేశారని చెప్పుకుంటారు. కర్రలు, గుడ్డ, థర్మోకోల్‌తో లేచే పని కాబట్టి అక్కడ చేయు పనికిరాదు. జిమ్‌లో అయితే సెట్ కొడతారు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరుపడింది. ఈ నేలలో "ఇంకో సెట్ కొట్టు" అంటే బరువు కింద పెట్టి ఊపిరి తీసుకుని మళ్లీ అన్నిసార్లు ఎత్తమని. పేకాటలో ముక్కల సెట్టు వేరు. ఒకే అంకె, వేర్వేరు రంగులు, మూడో నాలుగో ముక్కలు. అవి చేతికి వస్తే "సెట్టు సెట్ అయింది" అనడం విన్నవాళ్లకు ఈ వ్యాసం మొదటి పేరా అక్కర్లేదు.

మరి ఇంగ్లీషులోని మిగతా వందల అర్థాల సంగతేమిటి? అవి తెలుగులోకి రాలేదు. రానివ్వంది ఎవరంటే, పెట్టు. నిప్పు పెట్టడం, ముహూర్తం పెట్టడం, ధర పెట్టడం, పరీక్ష పెట్టడం, బోను పెట్టడం, గడువు పెట్టడం: వీటన్నిటికీ ఇంగ్లీషులో సెట్ వాడొచ్చు. ఆ పైన పెట్టుకి సెట్‌కి లేని రాజ్యం కూడా ఉంది. అన్నం పెట్టడం, పేరు పెట్టడం, ముద్దు పెట్టడం, కన్నీళ్లు పెట్టుకోవడం. ఒక చిన్న మాటకు ఇన్ని అర్థాలేమిటని ఇంగ్లీషును చూసి ఆశ్చర్యపోయేవాళ్లు నిఘంటువులో పెట్టు దగ్గర ఒకసారి ఆగాలి. ఇంత మోతుబరి ఇంట్లో ఉండగా సెట్‌కి ఆ పనులు దొరకలేదు.

పనివాళ్ల సొంత మాట బలంగా ఉన్నచోట కూడా అంతే. పాలు తోడుకుంటాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఉంగరంలో రాయి పొదుగుతారు. బొబ్బిలి వీణకు పనసకర్ర తొలిచి కుండ, దండి తయారయ్యాక 24 మెట్లను మైనంలో కూర్చి స్వరం సరిచూడటం ఉంది, దాన్ని మేళం కట్టడం అంటారు. ఇంగ్లీషులో రాస్తే ఈ నాలుగింటికీ సెట్ సరిపోతుంది. తెలుగులో ఒక్కదానికీ అవసరం పడలేదు.

సిమెంటు దగ్గర మాత్రం రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు నీళ్లు కలిపాక 30 నిమిషాల లోపు బిగియడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా పూర్తిగా బిగియాలి అని భారత ప్రమాణాలు చెబుతాయి. ఇంజినీరు దీన్ని సెట్టింగ్ టైమ్ అంటాడు. తాపీమేస్త్రి "మాలు పట్టేస్తోంది, కానివ్వండి" అంటాడు. చెప్పేది ఇద్దరూ ఒకటే. బిగియడం మొదలయ్యేలోపు పని కాకపోతే కలిపింది పారబోయడమే. అదే మేస్త్రి మునిసిపాలిటీ ప్లాన్ విషయం వస్తే సెట్‌బ్యాక్ ఎంత వదిలారని అడుగుతాడు. గోడకీ హద్దుకీ మధ్య వదిలే జాగాకి ఆ మాట స్థిరపడిపోయింది. ఇంగ్లీషులో దానికే ఉన్న ఎదురుదెబ్బ అనే అర్థం మనదాకా రాలేదు. జాగా వదలక ప్లాన్ తిరిగొచ్చినవాళ్లకు మాత్రం రెండో అర్థం కూడా అనుభవంలోకి వస్తుంది.

పొద్దు గూకడం ఇంకో ఉదాహరణ. ఇంగ్లీషులో సూర్యుడు సెట్ అవుతాడు, అంటే దిగి కూర్చుంటాడు. తెలుగులో సూర్యుడు సెట్ అయ్యాడంటే నవ్వుతారు. అరసవల్లి లాంటి సూర్యక్షేత్రం ఉన్న జిల్లాలో మరీను. మార్చిలో, అక్టోబరులో కొన్నాళ్లు తెల్లవారి కిరణాలు గర్భగుడిలో స్వామి పాదాలను తాకుతాయని జనం బారులు తీరే చోటది. సన్‌సెట్ అని మాట మొత్తంగా మాత్రం వచ్చింది, ఫొటోల కింద పెట్టుకోవడానికి. కళింగపట్నం బీచ్‌లో నిలబడి తీసిన సన్‌సెట్ ఫొటోలో సముద్రం కనపడిందంటే అది పొద్దున్న తీసినదే. మనది తూర్పు తీరం, పొద్దు గూకేది వీపు వెనక.

చదువులోకి వెళితే దొంగ సెట్ ఒకటి కలుస్తుంది. 1986లో ఎంసెట్ మొదలైనప్పటినుంచి ఎడ్‌సెట్, ఐసెట్, లాసెట్, పాలీసెట్ అని వరస కట్టాయి. 2021 నుంచి మన రాష్ట్రంలో ఎంసెట్ పేరు ఈఏపీసెట్. ఇందులో సెట్ అసలు సెట్టే కాదు, ఉమ్మడి ప్రవేశ పరీక్ష అనే ఇంగ్లీషు పేరులోని మూడు పొడి అక్షరాలు. అయినా "సెట్ రాశావా, సెట్ అయిందా?" అని పిల్లల్ని అడిగేవాళ్లకు ఆ తేడాతో పనిలేదు. లెక్కల్లో మాత్రం తెలుగు మీడియంవాళ్లకు సెట్ లేదు, సమితి ఉంది. జర్మనీలో జార్జ్ కాంటర్ 19వ శతాబ్దం చివర నిలబెట్టిన శాస్త్రం పదో తరగతి పుస్తకంలోకి సమితులు అనే పాఠంగా వచ్చింది. ఊళ్లో పెద్దలకు సమితి అంటే మండలాలు రాకముందు ఉన్న పంచాయతీ సమితి. తాత సమితి ప్రెసిడెంటు గురించి చెబుతుంటే మనవడికి శూన్యసమితి గుర్తొస్తే అది వాడి తప్పు కాదు.

ఇక ఈ మాట తిరిగి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. తెలుగులో నప్పడం, సరిపోవడం, కుదరడం అన్నీ సెట్ అవ్వడంలో ఇమిడిపోయాయి కాబట్టి, ఇంటర్వ్యూలో కూర్చున్న కుర్రాడు అదే అర్థంతో "దిస్ జాబ్ విల్ సెట్ టు మీ" అంటాడు. అతని చెవికి అది ఇంగ్లీషే. అడిగేవాడికి అర్థం కాదు, ఎందుకంటే ఆ అర్థం తెలుగుది. శ్రీకాకుళంలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు చెప్పేవాళ్లు దీన్ని తప్పు అని కొట్టేసి ఊరుకోవడం కన్నా, ముందు తెలుగులో చెప్పిస్తే పని త్వరగా అవుతుంది. ఆ వాక్యంలో సెట్ తీసేసి తెలుగు మాట పెట్టమనాలి. నప్పింది అని వస్తే సూట్, కొలత సరిపోయింది అని వస్తే ఫిట్, సంబంధమో బేరమో కుదిరింది అని వస్తే ఫిక్స్, వ్యవహారం ఫలించింది అని వస్తే వర్క్ అవుట్.